పిలుపు మారే వయస్సు: నెటాల్ వలస రాజ్యంలో జాతుల మధ్య బాల్యస్నేహం, తెలుగు ఒప్పంద కూలీల చరిత్ర

ఉపోద్ఘాతం

రావికమతం, చోడవరం ప్రాంతం చెరకు పండే నేల. గానుగ ఆడే రోజుల్లో బెల్లం పెనం చుట్టూ ఊళ్లోని పిల్లలందరూ చేరతారు. బుగత కొడుకూ, కంబారి కొడుకూ ఒకే గడకు కోసం పోట్లాడుకుంటారు. ఆ వయస్సులో ఇద్దరి మధ్యా ఉండే పిలుపు ‘ఒరే’. కొన్నేళ్లు గడిచాక ఒకడి నోట ‘ఒరే’ నిలిచిపోతుంది, రెండోవాడి నోట అది ‘బాబు’ అవుతుంది. ఏ రోజు మారిందో ఇద్దరికీ గుర్తుండదు. మార్చమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. అయినా మారుతుంది.

ఈ వ్యాసం ఆ మార్పును మరొక చెరకు నేలలో పరిశీలిస్తుంది. ఆ నేల దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నెటాల్. 1860 నుండి 1911 వరకు అక్కడి చెరకు తోటలకు, రైలుమార్గాలకు, బొగ్గు గనులకు భారతదేశం నుండి సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వారిలో అధిక సంఖ్యాకులు మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారు గణనీయంగా ఉన్నారు. తెలుగువారిని పంపిన జిల్లాలలో నాటి విశాఖపట్నం జిల్లా ప్రముఖమైనది. ఆ తోటల్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు జులూ పిల్లలు ఇరుగుపొరుగు. తోట యజమానుల పిల్లలు దూరం నుండి కనబడేవారు. ఈ మూడు జాతుల పిల్లల మధ్య స్నేహం ఎంతకాలం నిలిచింది? దానిని ఎవరు ముగించారు? ఆ స్నేహాన్ని గురించి మనకు ఏ ఆధారాలు మిగిలాయి?

బాల్యస్నేహాన్ని జాతిభేదం ఎరుగని అమాయకత్వంగా చూపడం సాహిత్యంలో పరిపాటి. ఆ దృష్టితో చూస్తే పిల్లలు కలిసి ఆడుకున్నంత కాలం వలస పాలన వారిని తాకనట్టే కనబడుతుంది. దీనికి భిన్నమైన ప్రతిపాదన ఈ వ్యాసానిది. నెటాల్‌లో బాల్యం ఎక్కడ ముగియాలో పాలనే నిర్ణయించింది. బడి, పన్ను, పని అనే మూడు ద్వారాల దగ్గర పిలుపు మారింది. స్నేహం తెగిన వయస్సును గుర్తిస్తే వలస పాలన ఒక్కొక్క జాతికి ఇచ్చిన స్థానం తెలుస్తుంది.

ఓడల జాబితాలు చెప్పేవి, చెప్పనివి

‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న నేటి డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటి నుండి వచ్చిన ప్రతి ఓడకూ జాబితా ఉంది. ఒక్కొక్క వ్యక్తికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు అందులో నమోదయ్యాయి. సురేంద్ర భానా ఈ జాబితాలను ఆధారం చేసుకుని 1991లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ప్రామాణికం. తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలకూ ఇందులో చోటు ఉంది.

దక్షిణాఫ్రికా భారతీయుల ఇంటిపేర్లలో నేటికీ అప్పల్‌సామి, అప్పల్‌రాజు వంటివి వినబడతాయి. సింహాచలం అప్పన్న నీడలో పెరిగిన ఉత్తరాంధ్ర పాఠకునికి వీటి పుట్టుక వేరే చెప్పనవసరం లేదు. పాలకులు తండ్రి పేరునో, వ్యక్తి పేరునో ఇంటిపేరుగా స్థిరపరిచారు. ఆ విధంగా ఒక కులదైవం పేరు సముద్రం దాటి వంశనామం అయింది.

ఇన్ని గడులున్న జాబితాలో స్నేహానికి గడి లేదు. పాలకులకు కావలసినది కూలీ సంఖ్య, అతను పారిపోతే గుర్తుపట్టడానికి ఒంటి మీది మచ్చ. పిల్లవాడు ఎవరితో ఆడుకున్నాడన్నది వారికి అక్కరలేదు. అందువల్ల నెటాల్ తెలుగు పిల్లల స్నేహాలను వెతకడానికి ప్రభుత్వ పత్రాలు నేరుగా ఉపకరించవు. ఆ పత్రాలు ఏర్పరచిన సరిహద్దులను చదివి, వాటి పక్కన స్వీయచరిత్రలను పెట్టి చూడవలసి ఉంటుంది. ఈ వ్యాసం అనుసరించిన పద్ధతి అదే.

పిలుపు, భాష

ఒక జాతి పిల్లవాడు మరొక జాతి పిల్లవాణ్ని ఏమని పిలిచాడన్నది భాషా ప్రశ్న కూడా. నెటాల్‌లో దీనికి రెండు పొరలు ఉన్నాయి.

మొదటిది పేరు. ‘కూలి’ అనే మాట మన భాషలో శ్రమకు ప్రతిఫలం. ఆంగ్లంలోని ‘కూలీ’కి మూలం ఈ ద్రావిడ పదమేనని పలువురు భావిస్తారు. మూలం ఏదైనా, నెటాల్‌లో ఆ మాట వృత్తిని దాటి జాతికి పేరైంది. వర్తకుడైనా, ఉపాధ్యాయుడైనా భారతీయుడైతే చాలు, తెల్లవారి నోట అతడు కూలీ. జులూ భాషలోకి ఆ మాట ‘అమాకులా’ అనే రూపంలో వెళ్లింది. జులూ పిల్లవాడు తన తెలుగు స్నేహితుని జాతిని పిలవడానికి తెల్లవారు ఇచ్చిన మాటే దొరికింది. ఇద్దరూ కలుసుకోక ముందే ఆ పిలుపు సిద్ధంగా ఉంది.

రెండవది సంభాషణ. ఆఫ్రికన్లు, యూరోపియన్లు, భారతీయులు పని దగ్గర మాట్లాడుకోవడానికి ఫనగలో అనే సంపర్క భాష వాడుకలోకి వచ్చింది. పదజాలం చాలావరకు జులూది, వ్యాకరణం మిక్కిలి సరళం. నెటాల్ భారతీయ భాషలపై విశేష కృషి చేసిన రాజేంద్ మేస్త్రి ఈ భాష చరిత్రనూ పరిశీలించారు. యజమాని పనివాడికి ఆజ్ఞ ఇవ్వడానికి అమరిన భాష ఇది. అందులో మర్యాదకు గాని, హాస్యానికి గాని, కథకు గాని చోటు తక్కువ. దీనితో పోల్చినప్పుడు పిల్లలు ఆటలో నేర్చుకునే జులూ వేరు. అది సామెతలు, ఆటపాటలు ఉన్న నిండు భాష. ఒకే పొలంలో పెద్దలు ఆజ్ఞల భాష మాట్లాడుతుండగా పిల్లలు పూర్తి భాష నేర్చుకున్నారు.

ఆటలో నేర్చిన భాష పాలనగా మారిన వైనం

పూర్తి భాష నేర్చుకున్నంత మాత్రాన సమానత్వం రాదు. ఇందుకు నెటాల్ చరిత్రలోనే బలమైన నిదర్శనం ఉంది. థియోఫిలస్ షెప్‌స్టన్ 1817లో జన్మించాడు. 1820లో కేప్ కాలనీకి వలస వచ్చిన కుటుంబం అతనిది. తండ్రి మతప్రచారకుడు. మిషన్ స్థావరాలలో ఆఫ్రికన్ పిల్లల మధ్య పెరిగి షెప్‌స్టన్ వారి భాషలను ధారాళంగా మాట్లాడాడు. తెల్లజాతి పిల్లవానికి ఆఫ్రికన్ పిల్లలతో అంతటి సాన్నిహిత్యం దొరకడం స్నేహ చరిత్రలో శుభారంభంగా తోస్తుంది.

ఆ బాలుడే 1845లో నెటాల్‌లో ఆఫ్రికన్ ప్రజల వ్యవహారాలకు అధికారిగా నియమితుడై మూడు దశాబ్దాల పాటు వారి జీవితాలను శాసించాడు. ఆఫ్రికన్లను ప్రత్యేక భూభాగాలలో ఉంచి, వారి నాయకుల ద్వారానే పాలించి, గుడిసెకు ఇంతని పన్ను వసూలు చేసే విధానం అతని పేరుతోనే ప్రసిద్ధమైంది. చిన్ననాడు ఆటలో అబ్బిన భాష పెద్దయ్యాక పాలనకు పనిముట్టు అయింది. తర్జుమా అవసరం లేని పాలకుణ్ని మోసగించడం కష్టం కనుక ఆ పనిముట్టు మరింత పదునైనది.

ఇక్కడ షెప్‌స్టన్ బాల్యపు అనుబంధం నిజమా, నటనా అన్న చర్చకు విలువ లేదు. నిజమే అయి ఉండవచ్చు. అయితే పిలుపు మారిన తరువాత ఆ అనుబంధంలో మిగిలిన ఆస్తి ఎవరి చేతికి వచ్చిందన్నది ముఖ్యం. భాష తెల్ల బాలునికి అధికారంగా పనికివచ్చింది. అతనికి ఆ భాష నేర్పిన పిల్లలు పన్ను కట్టే ప్రజలయ్యారు.

మొదటి ద్వారం: బడి

తోట పిల్లలను విడదీసిన మొదటి ద్వారం బడి. 1878 నాటి చట్టం ద్వారా నెటాల్‌లో భారతీయ పిల్లల విద్య కోసం ప్రత్యేక బోర్డు ఏర్పడింది. బడులలో ఎక్కువ భాగం క్రైస్తవ మిషన్లు నడిపినవి. ఆఫ్రికన్ పిల్లలకు వేరే మిషన్ బడులు, తెల్ల పిల్లలకు ప్రభుత్వ బడులు. ప్రతి జాతి పిల్లవాడూ ఉదయం ఒక్కో దిక్కుకు నడిచాడు. బడికి వెళ్లే అవకాశమే లేని పిల్లలు పొలానికి నడిచారు.

గాంధీజీ 1897లో కుటుంబంతో డర్బన్ చేరినప్పుడు తన పిల్లల చదువు సమస్య అయిందని ఆత్మకథలో వివరించారు. ప్రత్యేక మినహాయింపుగా వారిని యూరోపియన్ల బడిలో చేర్చే వీలుంది. ఇతర భారతీయ పిల్లలకు లేని అవకాశం తన పిల్లలకు అక్కరలేదని ఆయన తిరస్కరించారు. ఆ నిర్ణయం పట్ల కుమారులు తరువాత అసంతృప్తి పడ్డ సంగతినీ ఆయన దాచలేదు. జాతుల మధ్య స్నేహానికి బడి ఒక మినహాయింపుగా మాత్రమే తలుపు తెరిచిందనీ, ఆ తలుపులో ప్రవేశించాలంటే స్వజాతి పిల్లలను బయట వదిలి వెళ్లాలనీ ఈ ఉదంతం చెబుతుంది.

ఇదే సందర్భంలో మరొక వాస్తవాన్నీ గుర్తుంచుకోవాలి. డర్బన్ తపాలా కార్యాలయంలో యూరోపియన్లకు ఒక ద్వారం, ఆఫ్రికన్లకూ భారతీయులకూ కలిపి మరొక ద్వారం ఉండేవి. ఆఫ్రికన్లతో కలిపి తమను ఒకే ద్వారంలో నడిపించడాన్ని భారతీయ నాయకులు అవమానంగా భావించారు. వారి అభ్యంతరం ఫలితంగా 1890లలోనే మూడు ద్వారాలు ఏర్పడ్డాయి. తరువాతి కాలపు గాంధీజీ ఆలోచన దీనిని దాటి ఎంతో దూరం వెళ్లింది. అయినా ఆ మూడో ద్వారం చరిత్రలో ఉంది. పిల్లలను విడదీసినది తెల్లవారి చట్టం మాత్రమే అనుకుంటే మనవారి వాటా కనబడకుండా పోతుంది. కులాన్ని మోసుకొని వెళ్లిన సమాజానికి రంగును బట్టి మెట్లు కట్టడం కొత్త విద్య కాదు.

1904లో గాంధీజీ ఫీనిక్స్ ఆశ్రమాన్ని స్థాపించిన ఇనాండా ప్రాంతంలోనే జాన్ డూబే అంతకు కొద్ది ఏళ్ల ముందు ఓహ్లాంగే విద్యాసంస్థను ఆరంభించారు. ఒకటి భారతీయుల ఆశలకు, మరొకటి జులూ ప్రజల ఆశలకు కేంద్రం. నడిచి వెళ్లగల దూరంలో ఉన్న ఆ రెండు చోట్లా పిల్లలు చదువుకున్నారు, వేర్వేరుగా.

రెండవ ద్వారం: పన్ను

ఒప్పంద కూలీకి గడువు అయిదేళ్లు. మొదటి ఏడాది నెలజీతం పది షిల్లింగులు, తరువాత ఏటా ఒక్కొక్క షిల్లింగు పెంపు. గడువు తీరిన కూలీలు స్వతంత్రులై స్థిరపడకుండా, తిరిగి ఒప్పందంలోకి గాని స్వదేశానికి గాని పోయేటట్లు చేయడానికి 1895లో నెటాల్ ప్రభుత్వం ఏటా మూడు పౌన్ల పన్ను విధించింది. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏడాది కూలీకి అది ఆరు నెలల జీతం.

1903లో ఈ పన్నును కూలీల పిల్లలకు విస్తరించారు. మగపిల్లలకు 16 ఏళ్లు, ఆడపిల్లలకు 13 ఏళ్లు నిండగానే వారు పన్ను పరిధిలోకి వచ్చారు. బాల్యం ముగిసే వయస్సును చట్టం ఇంత స్పష్టంగా అంకెల్లో రాసిన సందర్భాలు అరుదు. ఆడపిల్ల బాల్యం మగపిల్లవాని కంటే మూడేళ్లు ముందే ముగుస్తుందని కూడా అదే చట్టం నిర్ణయించింది.

పన్ను మూడవ ద్వారమైన పనికి దారి తీసింది. పదమూడేళ్ల తెలుగు పిల్ల ఆ పన్ను కోసం కుటుంబంతో పాటు మళ్లీ ఒప్పందంలో చేరవలసి వస్తే ఆమె ఆటకు, స్నేహానికి మిగిలే సమయం ఎంత? ఆమెతో కలిసి నీళ్లు మోసిన జులూ పిల్ల తండ్రి గుడిసె పన్ను కడుతున్నాడు. ఆ పన్ను కోసం అతడు గనికో, పట్నానికో కూలికి వెళ్లాడు. ఇద్దరి ఇళ్లనూ పన్నే పనిలోకి తోసింది, కాని రెండు పన్నులకూ రెండు చట్టాలు, ఇద్దరు అధికారులు. తమ కష్టం ఒకటేనని తెలుసుకునే వీలు లేకుండా ఆ కష్టాన్ని విడివిడిగా విధించారు. 1913 నాటి మహా సమ్మెలో వేలాది కూలీలు పని మానడానికి ఈ మూడు పౌన్ల పన్ను ముఖ్య కారణం. 1914లో అది రద్దయింది. సమ్మె గెలుపు భారతీయులదే అయింది. గుడిసె పన్ను మిగిలే ఉంది.

స్వీయచరిత్రలలో స్నేహం: రాజుల ప్రశ్న

పత్రాలలో లేని స్నేహం స్వీయచరిత్రలలో కనబడుతుంది. పీటర్ ఏబ్రహామ్స్ 1919లో జొహానెస్‌బర్గ్ పేటలలో ఒకటైన వ్రెడెడార్ప్‌లో జన్మించాడు. తండ్రి ఇథియోపియా దేశస్థుడు, తల్లి మిశ్రజాతిగా వర్గీకరించబడిన స్త్రీ. 1954లో వెలువడిన అతని స్వీయచరిత్ర ‘టెల్ ఫ్రీడమ్’లో జోసెఫ్ అనే జులూ బాలునితో స్నేహం మరపురాని ఘట్టం. ఇద్దరూ వాగుల వెంట, మైదానాల వెంట తిరుగుతారు. తెల్లవారు రాక ముందు ఈ నేలను ఏలిన నల్ల రాజుల కథలు జోసెఫ్ చెబుతాడు. ఆ కథలు విన్న చిన్న పీటర్‌కు ఒక సందేహం పుడుతుంది. తన జాతికి రాజులున్నారా అని ఇంట్లో అడుగుతాడు. లేరని తెలుస్తుంది. అప్పుడు తాము ఎక్కడి నుండి వచ్చినట్లు?

తెల్ల పిల్లలు దాడి చేసినప్పుడు పీటర్ ఎదురు తిరిగిన ఘట్టం కూడా ఇందులోనే ఉంది. తెల్ల మనిషి ఇంటికి వచ్చి నిలబడగా పెంచిన మామయ్యే ఆ పిల్లవాణ్ని కొట్టవలసి వస్తుంది. స్నేహం గురించిన ఈ కథలో శిక్ష వేసే చేయి ఇంటి మనిషిదే కావడం వలస పాలన పనితీరును ఏ నివేదిక కంటే బాగా చెబుతుంది.

ఏబ్రహామ్స్ అడిగిన రాజుల ప్రశ్నను నెటాల్ తెలుగు పిల్లవానికి అన్వయించి చూడవచ్చు. అతనికి రాజులున్నారు, కాని మరొక నేలలో. పురాణాలలో ఉన్నారు, వీధి నాటకాలలో ఉన్నారు. కాళ్ల కింది నేల కథ మాత్రం జులూ స్నేహితుని దగ్గర ఉంది. అటువంటి స్నేహంలో ఒక పిల్లవాడు మరొకరికి నేలను పరిచయం చేస్తాడు. ఆ స్నేహం తెగితే అతడు ఆ నేల మీదే ఉండి పరాయివాడవుతాడు.

నదీన్ గోర్డిమర్ ‘కంట్రీ లవర్స్’ కథలో తెల్లవారి పొలం మీది పిల్లలు చిన్నతనంలో కలిసి ఆడుకుంటారు. తెల్ల పిల్లలు దూరపు బడికి వెళ్లిరావడం మొదలైన కొన్నేళ్లకు నల్ల పిల్లలు నిన్నటి నేస్తాలను గౌరవవాచకాలతో పిలవడం నేర్చుకుంటారు. బెల్లం పెనం దగ్గర ‘ఒరే’ ‘బాబు’గా మారడం చూసిన తెలుగు పాఠకునికి ఈ ఘట్టం పరాయిది కాదు.

వలస పాలన ముగిసినా ద్వారాలు మిగిలాయి. స్వాతంత్ర్య యోధుడు అహ్మద్ కత్రాడా 1929లో పశ్చిమ ట్రాన్స్‌వాల్‌లోని చిన్న పట్టణంలో గుజరాతీ కుటుంబంలో జన్మించారు. అక్కడ అన్ని జాతుల పిల్లలతో ఆడుకున్నా, తెల్లవారి బడిలోనూ ఆఫ్రికన్ల బడిలోనూ ఆయనకు చోటు లేదు. భారతీయుల బడి అక్కడ లేనందున ఎనిమిదేళ్ల వయస్సులో తల్లిదండ్రులను విడిచి జొహానెస్‌బర్గ్ వెళ్లవలసి వచ్చింది. స్నేహితులు ఎవరి బడికి వారు వెళ్తుండగా తాను ఎందుకు వెళ్లలేకపోతున్నాడో ఆ పిల్లవానికి అర్థం కాలేదు. ఆ అర్థంకాని తనమే తరువాత ఇరవై ఆరేళ్ల కారాగారవాసానికి వెనుకాడని రాజకీయమైంది. షెప్‌స్టన్ బాల్యం పాలనకు దారి తీసినట్లే కత్రాడా బాల్యం ప్రతిఘటనకు దారి తీసింది. స్నేహం తనంతట తాను ఏ ఫలితాన్నీ నిర్ణయించలేదు.

1949: తెగిన చోట

1949 జనవరి 13న డర్బన్‌లో ఒక భారతీయ దుకాణదారుడు పద్నాలుగేళ్ల ఆఫ్రికన్ బాలుణ్ని కొట్టాడు. ఆ వార్త అల్లర్లుగా విస్తరించింది. మూడు రోజులలో 142 మంది మరణించారు. మృతులలో ఆఫ్రికన్లు 87 మంది, భారతీయులు 50 మంది. అంతకు రెండేళ్ల ముందే, 1947 మార్చిలో, జూమా, దాదూ, నాయికర్ అనే ముగ్గురు వైద్యులు ఆఫ్రికన్, భారతీయ సంస్థల మధ్య సహకార ఒప్పందం చేసుకున్నారు. నాయకులు చేతులు కలిపినా వీధిలో నమ్మకం నిలవలేదు. ఇళ్లు, బస్సులు, దుకాణాల దగ్గర పేరుకున్న అసమానత ఒక పిల్లవాని మీద పడిన దెబ్బతో పగిలింది.

అదే సమయంలో ఆఫ్రికన్ ఇరుగుపొరుగు భారతీయ కుటుంబాలను దాచి కాపాడిన జ్ఞాపకాలు ఆ నగరంలో నేటికీ చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకాలు అల్లర్లను రద్దు చేయలేవు. చట్టం మూడు ద్వారాలు కట్టిన చోట కూడా కొందరి మధ్య పాత పిలుపు బతికి ఉందని మాత్రం అవి సాక్ష్యం చెబుతాయి. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ ఇరుగుపొరుగునూ తొలగించింది. కేటో మేనర్ వంటి చోట్ల కలిసి బతికిన భారతీయ, ఆఫ్రికన్ కుటుంబాలను వేర్వేరు ప్రాంతాలకు తరలించారు. పక్కింటి పిల్లవాడే లేనప్పుడు పిలుపు మారవలసిన అవసరమూ లేకపోయింది.

తెలుగు పరిశోధన ముందున్న పని

దక్షిణాఫ్రికా తెలుగువారిని గురించి మనం రాసే చరిత్ర సాధారణంగా సభల చరిత్ర. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ, తెలుగు బడులు, పండుగలు, నాటకాలు అందులో ముఖ్యాంశాలు. అక్కడి తెలుగు భాషపై వారిజాక్షి ప్రభాకరన్ చేసిన పరిశోధన ఈ చరిత్రకు గట్టి పునాది. భాష నిలుపుకోవడానికి ఆ సమాజం చేసిన కృషి గౌరవించదగినది. అయితే ‘ఎంత తెలుగు మిగిలింది’ అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే ఆ పిల్లలు నేర్చుకున్న జులూ మనకు నష్టంగా మాత్రమే కనబడుతుంది. పక్క పిల్లవానితో మాట్లాడాలన్న కోరికతో నేర్చుకున్న భాషను నష్టాల పద్దులో రాయడం న్యాయం కాదు.

ఇందుకు తోడ్పడే పద్ధతి తెలుగు సాహిత్య విమర్శలోనే ఉంది. జాషువ ‘నా కథ’లో బడి, బాల్యం, అంటరానితనం ఒకదానితో ఒకటి ముడిపడి కనబడతాయి. పిల్లవానికి కులం పాఠంగా అందే చోటు బడి అని ఆ స్వీయచరిత్ర చదివిన మనకు తెలుసు. దళిత స్వీయచరిత్రలను చదవడంలో తెలుగు విమర్శ సంపాదించిన ఈ దృష్టిని ప్రవాస చరిత్రకు అన్వయించవచ్చు. పిల్లవాడు ఏ వయస్సులో, ఏ చోట, ఎవరి నోట తన స్థానాన్ని విన్నాడు? మౌఖిక చరిత్రలు సేకరించేవారు పెద్దలను పండుగల గురించి అడిగినట్లే చిన్ననాటి నేస్తాల గురించి, వారు వాడిన పిలుపుల గురించి అడగాలి. ఆ తరాలు వేగంగా వెళ్లిపోతున్నాయి.

ముగింపు

నెటాల్ చరిత్రలో బాల్యస్నేహం వలస పాలనకు బయట ఉన్న తోట కాదు. దాని కంచెను పాలనే వేసింది. బడి, పన్ను, పని ఆ కంచెకు ద్వారాలు. ఆ ద్వారాలు దాటిన షెప్‌స్టన్ స్నేహభాషను అధికారం చేసుకున్నాడు. ఏబ్రహామ్స్ దానిని ప్రశ్న చేసుకున్నాడు. కత్రాడా దానిని పోరాటం చేసుకున్నారు. విశాఖపట్నం జిల్లా నుండి వెళ్లిన కూలీల పిల్లలు దానిని ఏమి చేసుకున్నారో చెప్పే పుస్తకం మన ముందు లేదు. ఆ లోటును వారి మౌనంగా భావించడం పొరపాటు. అడగవలసిన ప్రశ్న మనం అడగలేదన్నది సరైన మాట.

రావికమతం గానుగ దగ్గర ‘ఒరే’ ఎప్పుడు ‘బాబు’ అయిందో చెప్పగల పరిశోధన, నెటాల్ చెరకు తోటలో పిలుపు ఎప్పుడు మారిందో కూడా చెప్పగలదు. రెండు చోట్లా చెరకు ఒకటే, పిల్లలూ పిల్లలే. మార్చమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదని పెద్దలు చెప్పే మాటను రెండు చోట్లా పరీక్షకు పెట్టవలసి ఉంది.